పెట్టె కొడితే మనిషిని కడిగారు

మీరు ముట్టుకున్న యంత్రం మిమ్మల్ని జుమ్మని కొట్టిందనుకోండి. మొదట ఎవరిని అనుమానిస్తారు? యంత్రాన్నా, మిమ్మల్నా? "యంత్రాన్నే" అని తొందరపడి జవాబు చెప్పకండి. చదువుకున్నవాళ్లంతా అదే చెబుతారు. చెప్పి, ఇంటికెళ్లి, ఆ పొద్దు ఎవరి మొహం చూసి లేచామా అని ఆలోచిస్తారు. నేను చూశాను.

కర్ణాటకలోని చిక్కబళ్లాపురంలో కంప్యూటర్లు అమర్చి అమ్మే ఒక దుకాణంలో సర్వీసు పని చేసి విరమించినవాణ్ణి నేను. అంతకుముందు రేడియోలు, టీవీలు బాగుచేసేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటర్లు ఈ పక్క పల్లెలకు చేరడం మొదలైంది. వాటి వెనకాలే నేనూ చేరాను. ఒళ్లో మానిటరు, కాళ్ల మధ్య పనిముట్ల సంచి పెట్టుకుని గుడిబండె, బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట బస్సుల్లో తిరిగాను. జీతాలు ఎప్పుడు పెరిగాయో, ఎప్పుడు పెరగలేదో ఇక్కడ రాయను. దానివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం, పని అసలు ఎలా ఉంటుందో నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను అలసిపోయాను. మోకాళ్ల అలసట కాదిది. వయసులో ఉన్నప్పుడు సభల్లో వాదించాను, కరపత్రాలు పంచాను, ఎదుటివాడు నోరు మూసుకునేదాకా మాట్లాడాను. తర్వాత అదే మాటను స్క్రూడ్రైవరు చేతపట్టుకుని ఇంటింటా చెప్పాను. కరెంటుకు కులం తెలియదు, మైల తెలియదు, మడి తెలియదు. దానికి తెలిసిందల్లా దారి. అడ్డు తక్కువున్న దారిన అది పోతుంది. ఇంత చిన్న మాట ఇన్నేళ్లు చెప్పాల్సి రావడమే నా అలసట.

ఇంట్లో చేసిన పెట్టెలు

ఆ రోజుల్లో దొరికే చవక క్యాబినెట్లు పలచని రేకువి. వెనకాల సందుల్లోంచి ఎలుకలు దూరేవి. పశువుల దాణా బూసా దుమ్ము, పట్టు తీసే కొట్టాల్లో ఆవిరి, ఇవన్నీ లోపలికి పోయేవి. అందుకని జనం సొంతంగా పెట్టెలు చేయించుకునేవాళ్లు. చింతామణిలో ట్రంకుపెట్టెలు చేసేవాళ్ల దగ్గర రేకు కోయించినవాళ్లున్నారు. పాత టీవీ చెక్కపెట్టెలో మదర్‌బోర్డు బిగించినవాళ్లున్నారు. సొంత చేతులతో పెట్టె చేసుకునే మనిషంటే నాకు గౌరవమే. కాకపోతే వాళ్లంతా క్యాబినెట్టును కంప్యూటరుకు తొడిగిన చొక్కా అనుకున్నారు. అది చొక్కా కాదు, చర్మం. అది చేసే పనులు రెండున్నాయి.

మొదటిది ఎర్తింగు. కరెంటును మార్చి బోర్డుకిచ్చే డబ్బాను మేము ఎస్ఎంపీఎస్ అంటాం. ఆ డబ్బాలో పుట్టే అక్కర్లేని కరెంటు గోలను భూమిలోకి పంపడానికి రెండు చిన్న కెపాసిటర్లు దాని రేకు ఒంటికి కలిపి ఉంటాయి. గోడలో ఎర్తు తీగ ఉంటే ఆ గోల భూమిలోకి పోతుంది. లేకపోతే ఆ రేకు మీద గోడ కరెంటులో సగం వోల్టేజి దాకా వేలాడుతూ ఉంటుంది. అందులోంచి పారేది చాలా తక్కువ, మనిషిని చంపదు. తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి ముట్టుకుంటే మాత్రం జుమ్మంటుంది. అసలు ప్రమాదం వేరు. లోపల ఎక్కడో లైను తీగ తొక్క ఊడి రేకుకు తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే కరెంటు అటు పారి ఫ్యూజు పోతుంది, కథ ముగుస్తుంది. ఎర్తు లేకపోతే ఆ రేకు మనిషి వచ్చి ముట్టుకునేదాకా ఓపికగా కాచుకుని ఉంటుంది.

రెండోది కవచం. కంప్యూటరు లోపల సంకేతాలు సెకనుకు కోట్లసార్లు ఊగుతాయి. ప్రతి తీగా ఒక బుల్లి రేడియో స్టేషనే. అన్ని వైపులా మూసిన లోహపు పెట్టె ఆ గోలను లోపలే పట్టి ఉంచుతుంది. చెక్కపెట్టె దానికి తలుపుల్లేని ఇల్లు.

చింతామణిలో ట్యూషన్లు చెప్పే ఒక మేష్టరు ప్లైవుడ్డుతో ముచ్చటైన పెట్టె చేసుకున్నాడు. ఆయన కంప్యూటరు వేసినప్పుడల్లా పక్కింటి టీవీలో గీతలు పడేవి. మేష్టరు ఏదో చేయించాడని పక్కింటివాళ్లు మాటలు మానేసి, నడిమి గోడకు బూడిదగుమ్మడికాయ కట్టారు. రేకు కావాలని మేష్టరుకు ఎవరో చెప్పారట. అన్నం పొట్లాలు కట్టే పలచని అల్యూమినియం రేకును జిగురుతో లోపల అతికించాడు. అది దేనికీ కలిపి లేదు. ఎండాకాలం జిగురు వదిలి, రేకు మదర్‌బోర్డు మీద పడి బోర్డు కాలిపోయింది. రేకు అతికించినంతలో కవచం కాదు. ఆరు వైపులా ఉండాలి, ఒక ముక్క ఇంకో ముక్కకు గట్టిగా తగలాలి, చివరికి భూమికి చేరాలి. అలా చేసి ఇచ్చాక టీవీ శుభ్రపడింది. పక్కింటాయన నన్ను వాకిట్లో ఆపి, "జూస్తివా అప్పా, గుమ్మడికాయ పని జేసినాది" అన్నాడు. నేను బస్సెక్కాను.

శిడ్లఘట్టలో పట్టుగూళ్ల వ్యాపారి ఒకాయనది ఇంకో రకం పొరపాటు. ట్రంకు రేకుతో గట్టి పెట్టె చేయించి, అందం కోసం లోపలా బయటా మందంగా ఎనామిల్ వేయించాడు. రంగు కరెంటును ఆపుతుంది. ఎర్తు తీగ అడుగు రేకుకు ఉంది, మూత మాత్రం రంగు మీద తేలుతోంది. మూత కొడుతుందని ఆయన ఫిర్యాదు. గరుకు కాగితంతో స్క్రూల కింద రంగు గీకేసి బిగించాను, అంతే. ఈ వృత్తిలో సగం విద్య ఆ గరుకు కాగితమే.

మా సావుకారు

మా దుకాణం యజమాని సత్యనారాయణశెట్టి. మంచివాడు. పాత సామాను కొత్తదని ఎప్పుడూ అమ్మలేదు. ఆయన నాకు నేర్పినవాటిలో ఒకటి బంగారం, ఇంకొకటి విషం.

బంగారం ఇది. "కస్టమరు మాట అయిపోయేవరకు సంచి విప్పొద్దప్పా. వాళ్లు తిక్కగా చెప్తారు, చెప్పనీ. అందులోనే ఉంటాది రోగం." ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

విషం ఇది. ఒకసారి నేను, పెట్టె ఇచ్చే ముందు ఇంట్లో ఎర్తు ఉందో లేదో చూసి మరీ ఇద్దామన్నాను.

"వైరింగు మన పని కాదప్పా. గోడలో ఏముండాదో గోడ కట్టినోడు చూసుకోవల్ల."

"మన పెట్టెను తగిలించేది ఆ గోడకే గదా సావుకారీ?"

"తగిలించేది వాళ్లు. మనం ఇచ్చేది పెట్టె."

తన బాధ్యత ఎక్కడ ఆగుతుందో ఇంత సూటిగా గీత గీయగలిగినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంజినీర్లు, ఆఫీసర్లు, పూజార్లు. మనుషులు పడిపోయేది సరిగ్గా ఆ గీతల మధ్య ఖాళీల్లోనే.

ఇత్తడి లక్ష్మి

మిట్టేమరి దాటి కొంత దూరం పోతే ఒక పల్లె ఉంది. పేరు రాయను. అక్కడి పాల సంఘాన్ని అందరూ డెయిరీ అనే పిలుస్తారు. పొద్దున, సాయంత్రం ఆడవాళ్లు పాలు తెస్తారు. కొలిచి, ఫ్యాటు చూసి, లెక్క కంప్యూటరులో ఎక్కిస్తారు. సంఘానికి అధ్యక్షుడు గంగిరెడ్డి, ఊళ్లో పెద్ద రైతు. ఎలుకలు క్యాబినెట్టులో దూరి తీగలు కొరికేశాయని, ఆయన బాగేపల్లి వడ్రంగి ఆచారి చేత కొత్త పెట్టె చేయించాడు. టేకు చెక్క, పైన గోపురం, ముందు భాగమంతా ఇత్తడి రేకు, దాని మీద ఉబ్బెత్తుగా కొట్టించిన లక్ష్మి బొమ్మ. చూస్తే పూజామందిరం, లోపల మదర్‌బోర్డు.

ప్రారంభం రోజు నేల కడిగారు. అందరూ వట్టికాళ్లతో వచ్చి అమ్మవారి పాదాలు ముట్టి కళ్లకద్దుకున్నారు. జుమ్మంది. సాక్షాత్తూ శక్తి అన్నారు. ఆ రోజు నుంచి ఆ గదిలోకి చెప్పులు నిషేధం. ఒక్క గంగిరెడ్డికి మినహాయింపు. ఆయన మడమలు పగిలి, డాక్టరు రబ్బరు చెప్పులు విడవొద్దన్నాడట.

ఆ కంప్యూటరు దగ్గర కూర్చునేది భాగ్యమ్మ. ఆ ఊరి కోడలే. పీయూసీ, అంటే ఇంటరు, అయ్యాక బాగేపల్లిలో కంప్యూటరు కోర్సు చేసింది. ఆమె అత్త చౌడమ్మ రోజూ అదే డెయిరీకి పాలు పోస్తుంది. భాగ్యమ్మ కుర్చీ కిటికీ పక్కన ఉండేది. పాలు ఒలికేది అక్కడే, రెండు పూటలా నీళ్లు కొట్టి కడిగేదీ అక్కడే. తడినేల, వట్టికాళ్లు, చేతి ముందు ఇత్తడి. దెబ్బలన్నీ ఆమెకే తగిలేవి. ఎండిన నేల మీద నిలబడి దండం పెట్టుకుని పోయేవాళ్లకు ఏమీ అనిపించేది కాదు.

మొదట్లో అమ్మవారికి భాగ్యమ్మంటే ఇష్టం అన్నారు. కొన్నాళ్లకు ఆ మాట మారింది. అమ్మవారికి భాగ్యమ్మ మీద కోపం అన్నారు. కోపం ఎందుకు? ఆ ఊళ్లో ముట్టయిన ఆడవాళ్లు పాలు, పిండి ముట్టుకోరు. భాగ్యమ్మ ఏ నెలా ఒక్క పూట సెలవు పెట్టలేదు. ఈ లెక్క తేల్చడానికి ఊరికి కంప్యూటరు అక్కర్లేకపోయింది.

సంఘం పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. భాగ్యమ్మ తలస్నానం చేసి, తడి చీరతో, ఊరందరి ముందూ అమ్మవారిని రెండు చేతులా పట్టుకుని సత్యం చేయాలి. అమ్మవారు కొట్టకపోతే పని ఆమెదే. కొడితే ఆ కుర్చీలో గంగిరెడ్డి అన్న కొడుకు నాగరాజు కూర్చుంటాడు. యంత్రంలో లోపముందని రేపు ఎవరూ అనకూడదు కదా, అందుకని అదే రోజు పెట్టెను ఒకసారి సర్వీసు చేసి పొమ్మని మా దుకాణానికి ఫోను చేశారు.

శెట్టి నన్ను పంపుతూ, "సర్వీసు జేసి రా అప్పా. పంచాయితీ జేయొద్దు" అన్నాడు.

వాకిట్లో

నేను వెళ్లేసరికి పొద్దుటి పాల వ్యాను పోయింది. ఊరంతా కనబడాలని పెట్టెను గదిలోంచి మోసుకొచ్చి, డెయిరీ ముందు అరుగు మీద బల్ల వేసి పెట్టారు. లోపలి ప్లగ్గు నుంచి పొడుగు తీగ లాగి కంప్యూటరు వేసి ఉంచారు. అరుగు బండల మీద బాగా నీళ్లు చల్లారు. భాగ్యమ్మ తల నుంచి నీళ్లు కారుతూ ఆ బండల మీద నిలబడి ఉంది. అత్త చౌడమ్మ గుంపులో ముందు వరసలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

శెట్టి నేర్పినట్టు సంచి విప్పకుండా మొదట అడిగాను.

"ఎప్పటి నుంచి కొడతాండాదమ్మా?"

"పెట్టె మార్చినప్పటి నుంచి అన్నా. నేల కడిగినప్పుడు ఎక్కువ. ఎండిపోతే ఏమీ ఉండదు."

"ముందరి పెట్టె కొట్టలేదా?"

"దాని మూతి ప్లాస్టిక్కు గదా. రేకు చేతికి తగిలేదే లేదు."

గంగిరెడ్డికి ఓపిక పోయింది. "ఆయమ్మనేమి అడుగుతావప్పా? మాట్లాడేదానికా నిన్ను పిలిపిచ్చింది? పెట్టెను జూడు. బాగుండాదని చెప్పి పక్కకు జరుగు."

"జూస్తాండా రెడ్డీ."

టెస్టరు మొన ఇత్తడికి ఆనించాను. ఎర్తు లేని పెట్టె మీద దానిలో దీపం మసగ్గా వెలుగుతుంది. అలాంటి వెలుగు వేలసార్లు చూశాను. ఆ రోజు అది గోడ ప్లగ్గులో పెట్టినప్పుడు వెలిగినంత ఎర్రగా వెలిగింది. వెంటనే గదిలోకి వెళ్లి ప్లగ్గు లాగేశాను.

వెనక చెక్క విప్పి చూస్తే సంగతి తేలింది. ఆచారి ఇత్తడి రేకును ముందు నుంచి మేకులతో కొట్టాడు. మేకుల మొనలు లోపలికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కరెంటు తీగ వాటికీ ఎస్ఎంపీఎస్‌కూ మధ్య ఇరుక్కుని ఉంది. గదిలో ఉన్నన్నాళ్లూ ఎస్ఎంపీఎస్ రేకు ఆ మొనలకు తగిలి జుమ్మనే ఆ చిన్న దెబ్బ ఇత్తడికి చేరేది. మోసుకొచ్చేటప్పుడు లోపలి సామాను కదిలి, ఒక మొన తీగ తొక్కను చీల్చుకుని రాగిలో దిగింది. మూడో తీగ, ఆ ఎర్తు తీగ, గోడలో రెండు రంధ్రాల ప్లగ్గే ఉందని మడిచి టేపు చుట్టేసి ఉంది. అంటే నేను వచ్చేసరికి అమ్మవారి పాదాల్లో గోడ కరెంటు మొత్తం ఉంది. సత్యం పరీక్షించడానికి చేసిన ఏర్పాటే ఆ పెట్టెను ఉరికొయ్య చేసింది.

"రెడ్డీ, ఈయమ్మ దీన్ని రెండు చేతుల్తో పట్టుకోనింటే సచ్చిపోయుండును" అన్నాను.

"అదే గదప్పా మేం జూడాలనేది? తప్పు లేకపోతే అమ్మ ఏమీ జేయదు."

అప్పుడు చౌడమ్మ కొంగు తీసింది. "సచ్చేదా? జుమ్మంటాది, అంతే అంటిరే!"

"నువ్వు ఊరికే ఉండమ్మా" అన్నాడు గంగిరెడ్డి.

"అట్లయితే మీరు పట్టుకోండి రెడ్డీ" అన్నాను నేను.

"నేను ఎన్నిసార్లు ముట్టుకోలా? నన్నెప్పుడూ కొట్టలా."

"చెప్పులు విడిసి ముట్టుకున్నారా?"

గుంపులోంచి ఎవరో అన్నారు. "రెడ్డి కాళ్లు పగిలినాయని అమ్మవారు మాపీ ఇచ్చినాదిలేప్పా!" నవ్వులు లేచాయి. గంగిరెడ్డి అటు చూసేసరికి అణిగాయి.

నవ్వుతో పని కాదని నాకు తెలుసు. సంచిలోంచి బల్బు, హోల్డరు, రెండు పొడుగు తీగలు తీశాను. ఇది కొత్తవాళ్లు చేయాల్సిన పని కాదు, నేను చేశానని మీరు చేయొద్దు. జనాన్ని దూరంగా జరిపి, భాగ్యమ్మను అరుగు దింపించాను. వాకిలి అంచున, ఎండిన మట్టిలో గడ్డపార దింపించి ఒక తీగ దానికి చుట్టాను. ఇంకో తీగ ఇత్తడి లక్ష్మికి. గదిలోకి వెళ్లి ప్లగ్గు పెట్టి వచ్చాను. బల్బు మసగ్గా వెలిగింది.

మళ్లీ ప్లగ్గు తీసి, గడ్డపార మొదట్లో ఒక బిందెడు నీళ్లు పోయించాను. అందరూ దూరం జరిగాక ప్లగ్గు పెట్టాను. ఈసారి బల్బు భగ్గున వెలిగింది.

"మీరు ఈయమ్మకు చేయించిన తలస్నానం ఇదే. నీళ్లు పోస్తే మైల పోలేదు, కరెంటుకు దారి తెరుచుకున్నాది. ఈ బల్బు ఎవురి కోడలప్పా? దీనికి ముట్టెప్పుడైనాదో ఎవురన్నా చెప్పండి!"

ఆడవాళ్లలో ఒకామె కిసుక్కుమంది. వయసులో ఉండగా ఎన్నో సభల్లో గెలిచాను గానీ, అంత సూటిగా ఎప్పుడూ గెలవలేదనిపించింది. కొంచెంసేపే.

గంగిరెడ్డి గొంతు సవరించుకుని అన్నాడు. "సరేప్పా. పెట్టెది తప్పే, ఒప్పుకుంటాం. అది అట్లుండనీ. ఏమ్మా భాగ్యా, ఆ దినాల్లో నువ్వు వచ్చి కూసున్నావా లేదా? అది జెప్పు."

కొత్తవాళ్లు ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. ఋజువు ఒక తలుపు మూస్తే నమ్మకం ఇంకో తలుపు తీసుకుంటుంది. నేను పెట్టె సంగతి తేల్చాను. వాళ్లకు మొదటి నుంచీ పెట్టెతో పని లేదు. ఒక ఆడమనిషి నెలలో ఆ నాలుగు రోజులూ కుర్చీలో కూర్చుంది. ఆ మాట తేల్చడానికి అమ్మవారు దొరికితే అమ్మవారు, లేకపోతే తీర్మానం.

భాగ్యమ్మ జుట్టు పిండుకుని వెనక్కి వేసుకుంది.

"వచ్చినాను. నెలనెలా వచ్చినాను. ఈ పొద్దు కూడా నేను అట్లనే ఉండాను. నేను ముట్టుకున్న పాలు బెంగళూరు దాకా పోయినాయి. ఊరంతా తాగినాది. ఎవురికి ఏమైనాదో చెప్పండి, పోతాను."

ఒక ఆడమనిషి వాకిట్లో, పది ఊళ్లకు వినబడేలా ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు. నా బల్బు కంటే అది పెద్ద పని. బల్బు వెలిగించిన నాకు పోయేదేమీ లేదు, సాయంత్రం బస్సెక్కిపోతాను. ఆమె ఆ ఊళ్లోనే ఉండాలి.

"అయితే ఇంక నువ్వు రావద్దు. సాయంత్రం నుంచి నాగరాజు కూసుంటాడు" అన్నాడు గంగిరెడ్డి. గుంపు చెదిరిపోయింది. చౌడమ్మ కోడలి వైపు చూడకుండా ఇంటికి నడిచింది. ఆమె వెనకాల కొంచెం దూరంలో భాగ్యమ్మ.

పాలు ఆగవు

నేను పని చేసుకున్నాను. నాకు వచ్చింది అది కాబట్టి. డెయిరీ వెనక గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైపు దింపి నీళ్లు పోశాం. మిట్టేమరి నుంచి మూడు రంధ్రాల ప్లగ్గు తెప్పించి, గుంత నుంచి తీగ లాక్కొచ్చి దానికి కలిపాను. ఎలుకలు చెడగొట్టిన పాత క్యాబినెట్టు మూలన పడి ఉంది. దాని రేకులు విప్పి, రంగు గీకి, చెక్కపెట్టె లోపల ఆరు వైపులా వేసి ఒకదానికొకటి స్క్రూలతో బిగించాను. మేకులన్నీ పీకేసి, కొత్త తీగ వేసి, ఇత్తడి రేకును కూడా ఎర్తుకు కలిపాను. ఆ పెట్టె ఇక ఎవరినీ కొట్టదు.

సాయంత్రం పాలవేళ అయింది. ఆడవాళ్లు క్యాన్లతో వరస కట్టారు. నాగరాజు కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా బాగా ఇస్త్రీ చేసి ఉంది. ఫ్యాటు చూసే యంత్రంలో పాలు ఎంత పోయాలో అతనికి తెలియదు. మొదటి ఆమె పేరు పైన రెండో ఆమె పాలు ఎక్కించాడు. సరిచేయబోయి రెండూ చెరిపేశాడు. నన్ను అడిగాడు. "నాకు పెట్టె తెలుసప్పా, పాలు తెలీవు" అన్నాను. అది నిజమే.

వరస కదలడం లేదు. ఎండ ఇంకా దిగలేదు, క్యాన్లు వేడెక్కుతున్నాయి. వ్యాను హారను రోడ్డు మలుపులో వినబడింది. వ్యాను వాళ్లు ఒక్క ఊరి కోసం ఆగరు. ఆ పూట పాలు పోకపోతే ఊరందరి పాలూ విరిగిపోతాయి.

భాగ్యమ్మ వచ్చి కిటికీ బయట నిలబడింది. లోపలికి రాలేదు, వెళ్లిపోలేదు. పొడి చీర కట్టుకుని, చేతులు కట్టుకుని నాగరాజు ఏం చేస్తున్నాడో చూస్తూ ఉంది. ఎవరూ ఆమెను పలకరించలేదు. ఎవరూ పొమ్మనలేదు.

వరసలో ముందున్న చౌడమ్మ క్యాను నేల మీద కొట్టినట్టు పెట్టింది.

"లెయ్ నాయనా. లేసి అవతలికి పో. పాలు ఇరిగిపోతాండాయి."

"మా చిన్నాయన చెప్పినాడు గదా పెద్దమ్మా..."

"మీ చిన్నాయన వచ్చి పిండినాడా ఈ పాలు? లెయ్యంటే!"

నాగరాజు లేచాడు. చాలా సంతోషంగా లేచాడని నా అనుమానం. భాగ్యమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. చౌడమ్మ కోడలి మొహం చూడకుండా, గోడవైపు తిరిగి, "కొల్సు, కొల్సు, బిన్నా, వ్యాను వచ్చేస్తాండాది" అంటూ క్యాను కిటికీలో పెట్టింది. ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వ్యాను హారను మళ్లీ మోగింది. రెండో ఆమె క్యాను ముందుకు జరిపింది. గంగిరెడ్డి రచ్చ దగ్గర నుంచి అంతా చూశాడు. ఆయన పాలు కూడా ఆ వరసలోనే ఉన్నాయి.

దీన్ని విజయం అనుకోకండి. అక్కడ ఎవరి మనసూ మారలేదు. పాలు విరుగుతాయని అత్త కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టింది, మనసు మారి కాదు. నేను సభల్లో చెప్పిన సంస్కరణలు నా కళ్లతో చూసినంతవరకూ చాలాసార్లు ఇలాగే వచ్చాయి. ఒప్పుకుని ఎవరూ రానివ్వలేదు, వేరే దారి లేక రానిచ్చారు. చెప్పులు విడిచే నియమం ఆ గదిలో అలాగే ఉండిపోయింది. ముట్టుకుంటే జుమ్మనడం మానేసిందని కొందరు బాధపడ్డారు కూడా. "మీ మనిషి అమ్మవారి శక్తి తీసేసిపోయినాడు, ఇంకోసారి పంపొద్దు" అని గంగిరెడ్డి శెట్టికి ఫోను చేశాడు.

"చెప్పినా గదప్పా, పంచాయితీ వద్దని" అన్నాడు శెట్టి. ఆ ఊరి పని ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరి ద్వారానే తెలిసేది, భాగ్యమ్మ అక్కడే ఉందని, ఆ నాలుగు రోజులూ కూడా వస్తోందని. ఆమె వచ్చినప్పుడు రెండు మూడు ఇళ్లవాళ్లు పాలు పోయకుండా వెళ్లిపోయేవాళ్లట. తర్వాత వాళ్లూ పోశారు. ఎందుకు పోశారో చెప్పాను కదా.

ఈ అనుభవం నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. ఎర్తింగు చేయడం ఒక పూట పని. ఆ పూట నిజంగా కష్టమైంది వాకిట్లో నిలబడి మాట్లాడటం. నేను మాట్లాడకుండా, గదిలో తలుపేసుకుని తీగ మార్చేసి, "సర్వీసయింది" అని చెప్పి వచ్చుంటే ఏమయ్యేది? భాగ్యమ్మ ముట్టుకున్నా ఇత్తడి కొట్టేది కాదు. అమ్మవారు క్షమించింది అనేవాళ్లు. ఆమె బతికేది, పని కూడా దక్కేదేమో. కానీ ఆ తీర్పు చెప్పే అధికారం అలాగే పెట్టె చేతుల్లో ఉండిపోయేది. వచ్చే ఏడు ఇంకెవరినో బండ మీద నిలబెట్టేవాళ్లు. తప్పును చడీచప్పుడు లేకుండా సరిచేసి వెళ్లిపోయే పనివాణ్ణి మర్యాదస్థుడంటారు. ఆ మర్యాద నాకు అక్కర్లేదు, మీకూ వద్దు.

ఇక మీ వంతు. రేపు మీరు ఎవరింటికో, ఏ దుకాణానికో, ఏ సంఘానికో ఒక పెట్టె బాగుచేయడానికి వెళతారు. అది ఎవరిని కొట్టిందో అడగండి. వాళ్లు ఎక్కడ నిలబడ్డారో, కాళ్లకు ఏముందో అడగండి. ఎర్తు లేకుండా పెట్టెను తగిలించి రావద్దు, యజమాని ఎవరైనా సరే. తప్పు లోహంలో ఉందని తేలితే ఆ మాట బిల్లు మీద రాసి ఊరుకోవద్దు. నింద పడ్డ మనిషిని పిలిపించండి. నింద వేసినవాళ్లనూ పిలిపించండి. తలుపు తీసి, వాకిట్లోకి వచ్చి, తప్పు ఎక్కడుందో వాళ్ల మొహం మీదే గట్టిగా చెప్పండి. బస్సు పోతే పోనివ్వండి. చెప్పిన తర్వాతే సంచి సర్దుకోండి.